గంబూట్ల వల్ల కాలివేళ్ళ సందులు ఒరుస్తున్నాయి, క్రీము రాస్తే తగ్గి మళ్ళీ వస్తోంది

గ్రేడింగ్ టేబుల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ఉండి దగ్గర పల్లె. భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ సెక్షన్ చూస్తాను. నా టేబుళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. ఈ బాధ నాదీ, వాళ్ళదీ కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, విసుక్కోకండి.

లోపల నేల ఎప్పుడూ తడే. ఐసు కరిగిన నీళ్ళు, టేబుళ్ళ మీంచి కారే నీళ్ళు, గంటకోసారి పైపుతో కడిగే నీళ్ళు. షిఫ్టంతా గంబూట్లు తియ్యడానికి లేదు. హాల్లోకి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర క్లోరిన్ నీళ్ళ తొట్టి ఉంటుంది, బూట్లతో అందులో దిగి వెళ్ళాలి. టీకి బయటికొస్తే తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ దిగాలి. హాలంతా ఐసుతో చల్లగా ఉన్నా బూటు లోపల పాదం మాత్రం ఉడికిపోతూ ఉంటుంది. సాయంత్రం సాక్సు లాగితే చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నానిపోయి ఉంటుంది. రుద్దితే పొరలుగా లేచి వస్తుంది, కింద ఎర్రగా పచ్చి. దురద సంగతి చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళే వ్యానులో అందరం చెప్పుల అంచుకి కాళ్ళు రుద్దుకుంటూ కూర్చుంటాం. ఎవరైనా చూస్తే నవ్వుకుంటారు.

ఊళ్ళో మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. అది రాస్తే రెండు రాత్రుల్లో దురద మాయం. ఆపితే వారం తిరక్కుండానే మళ్ళీ మొదలు. ఇప్పుడు వేళ్ళ సందు దాటి పాదం పక్కకి పాకింది. మా ఆయనకి గజ్జల్లో గుండ్రంగా ఎర్రటి మచ్చ వచ్చింది. ఆయన ప్లాంటుకి రారు, చెరువుల మీద మేత పని. ఇది నా నుంచే అంటుకుందా?

ప్లాంటులో అందరూ క్లోరిన్ వల్లే అంటున్నారు. నాకేమో అంత నమ్మకం లేదు, చేతులు కూడా రోజంతా అవే నీళ్ళలో ఉంటాయి కదా, వాటికి ఇలా లేదు. ఏం చెయ్యాలో చెప్పండి. ఉద్యోగం మానెయ్యమని మాత్రం చెప్పకండి, పిల్లాడి కాలేజీ ఫీజు దీని మీదే నడుస్తోంది.

కొబ్బరితోట

పసుపు, కొబ్బరినూనె కలిపి రాత్రి వేళ్ళ సందుల్లో దట్టంగా పెట్టి గుడ్డ కట్టి పడుకోండి. మా ఇంట్లో తాతల కాలం నుంచి ఇదే వైద్యం. క్రీములన్నీ డబ్బు దండగ.

చీటీ చదివేవాడు

నేను ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. డాక్టర్ని కాను, అది ముందే చెబుతున్నా. కానీ చర్మవ్యాధుల ఓపీ రోజున మా కౌంటర్ ముందు నిలబడే వాళ్ళలో సగం మంది చేతిలో మీరు చెప్పినలాంటి ట్యూబే ఉంటుంది.

కొబ్బరితోట గారూ, పసుపు మీద నాకు కోపం లేదు. గుడ్డ కట్టడం మీదే అభ్యంతరం. ఆ సందులో ఉన్న ఇబ్బందే తడి. నూనె పట్టించి గుడ్డ చుడితే రాత్రంతా అది ఆరదు. పగలు బూటు చేసే పనిని రాత్రి మనమే చేసినట్టు.

అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు చూస్తే తామర జాతి ఫంగస్ అనిపిస్తోంది. ఒంటి మీద గుండ్రంగా వచ్చే తామరకీ, పాదానికి వచ్చే దీనికీ కారణం ఒకే కుటుంబం. పాదాల్లో ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటాన్ రుబ్రమ్. మన చర్మం పైపొరలో, గోళ్ళలో, వెంట్రుకల్లో కెరటిన్ అనే పదార్థం ఉంటుంది. ఈ ఫంగస్ తిండి అదే. పొడిగా, గట్టిగా ఉన్న చర్మంలోకి దిగడం దానికి కష్టం. నాని మెత్తబడ్డ చర్మంలోకి సులువుగా దిగుతుంది. చిటికెన వేలి పక్క సందులోనే ఎందుకు మొదలవుతుందంటే, అక్కడ వేళ్ళు బాగా ఒత్తుకుని ఉంటాయి, గాలి ఆడదు, తుడుచుకునేటప్పుడు తువ్వాలు కూడా అంత లోపలికి వెళ్ళదు.

క్లోరిన్ గురించి మీ అనుమానం సరైందే. క్లోరిన్ నీళ్ళు నేరుగా తగిలితే చర్మం పొడిబారి మంట పెట్టొచ్చు గానీ ఇలా ఒక్క సందు పట్టుకుని పాకదు. అసలు ఆ తొట్టి కడిగేది బూటు బయటి వైపు. అది రొయ్యల శుభ్రత కోసం పెట్టిన ఏర్పాటు. మీ జబ్బు బూటు లోపల ఉంది. రాలిన చర్మం పొట్టులో ఈ ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికి ఉంటాయి. కాలు నయమైనా అదే బూటులో మళ్ళీ పెడితే కథ మొదటికొస్తుంది.

అన్నీ ఫంగసే అనుకోకూడదు. గంబూట్ల వాళ్ళకి రబ్బరు పడక కూడా కాళ్ళు పాడవుతాయి. అది సాధారణంగా రెండు పాదాల పైభాగంలో ఒకేలా వస్తుంది, వేళ్ళ సందుల్ని పెద్దగా ముట్టదు. అరికాలు మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు పడి, దురద లేకుండా భరించలేని వాసన మాత్రమే ఉంటే అది బ్యాక్టీరియా పని, దానికి మందు వేరు. సందులో పచ్చటి చీము, బాగా నొప్పి ఉన్నా అంతే. అనుమానం ఉంటే డాక్టరు కొంచెం పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఫంగస్ ఉంటే సన్నటి దారాల్లా కనిపిస్తుంది. చిన్న పరీక్ష, సూది గుచ్చడం లాంటివేమీ ఉండవు. కాకపోతే ఆ వారం క్రీము రాసి వెళ్తే దొరక్కపోవచ్చు.

ఇంతకీ ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో ఇక్కడ పెట్టండి. దాన్ని బట్టి మిగతాది చెబుతాను.

గ్రేడింగ్ టేబుల్

చాలా థాంక్స్ అన్నయ్యా. ట్యూబు మీద మా అబ్బాయి చదివి చెప్పాడు: క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్. పక్కన ఇంకేవో ఉన్నాయి, మడత దగ్గర చెరిగిపోయాయి. మా టేబుల్ దగ్గర దాదాపు అందరూ ఇదే వాడుతున్నారు. ఒకరి దగ్గర ఉంటే పది మంది రాసుకుంటారు.

ఇంకో మాట. బూట్లు ఎవరివి వాళ్ళకని లేవు. సైజు చూసి రాక్ లోంచి తీసుకోవడమే. పొద్దున షిఫ్టు వాళ్ళు విప్పినవి మధ్యాహ్నం వాళ్ళు తొడుక్కుంటారు. కాలు పెడితే లోపల ఇంకా వెచ్చగా ఉంటాయి.

చీటీ చదివేవాడు

అనుకున్నదే. అందులో మైకోనజోల్ ఫంగస్ మందు. నియోమైసిన్ బ్యాక్టీరియాకి. క్లోబెటసాల్ స్టెరాయిడ్, చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అత్యంత బలమైన వాటిలో ఒకటి. రెండు రాత్రుల్లో దురద తగ్గించింది ఆ స్టెరాయిడే. దురద, ఎరుపు అనేవి మన ఒళ్ళు ఫంగస్‌తో పోరాడుతున్నప్పుడు వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది. మీకేమో తగ్గినట్టుంటుంది, ఫంగస్‌కేమో అడ్డు తొలగిపోతుంది. అందుకే ఆపగానే తిరగబెట్టడం, పాదం పక్కకి పాకడం. ఎక్కువ రోజులు వాడితే చర్మం పలచబడుతుంది, గజ్జల్లో అయితే చారలు పడతాయి, అవి మళ్ళీ పోవు. మీ ఆయన్ని మాత్రం ఆ ట్యూబు ముట్టుకోనివ్వకండి.

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద అంతే. మొటిమలకీ, తామరకీ, రంగు రావడానికీ కూడా అదే ట్యూబు చేతిలో పెడుతూనే ఉన్నారు. నేను ఈ వృత్తిలో ఉండి చెబుతున్నా, కౌంటర్లో ‘త్వరగా తగ్గేది ఇవ్వండి’ అని అడిగితే దొరికేది ఇదే.

మీరు కొనాల్సింది ఒకే ఒక్క మందు ఉన్న క్రీము. టెర్బినఫైన్ 1 శాతం గానీ, క్లోట్రిమజోల్ 1 శాతం గానీ. పెట్టె మీద మరో పేరు ఉండకూడదు. క్లోట్రిమజోల్ జన ఔషధి కేంద్రాల్లో చాలా చవక. టెర్బినఫైన్ వేళ్ళ సందులకి మామూలుగా ఒకటి రెండు వారాల్లో పనిచేస్తుంది. క్లోట్రిమజోల్ అయితే రోజుకి రెండు సార్లు, దాదాపు నాలుగు వారాలు పడుతుంది. దురద తగ్గిన రోజున ఆపేస్తే ఇన్నాళ్ళు రాసింది వృథా. చర్మం మామూలుగా కనిపించాక కూడా ఇంకో వారం పది రోజులు రాయాలి. కనిపించే పుండు మీదే కాకుండా దాని చుట్టూ రెండు వేళ్ళ మందాన బాగున్న చర్మం మీద కూడా పలచగా రాయండి. రెండో పాదం బాగానే ఉన్నా దాని సందుల్లోనూ రాయండి. పచ్చిగా నీరు కారుతుంటే ముందు అది ఆరాలి. దానికి ఏం వాడాలో డాక్టరు చూసి చెబుతారు.

మీ విషయంలో ఇప్పటికే స్టెరాయిడ్ పడింది, పాదం పక్కకి పాకింది, ఇంట్లో ఇంకొకరికి వచ్చింది. కాబట్టి ఇద్దరూ కలిసి ఒకసారి చర్మ డాక్టరుకి చూపించుకోండి. ట్యూబు కూడా పట్టుకెళ్ళండి. ప్లాంటులో ఇ.ఎస్.ఐ. కార్డు ఇచ్చి ఉంటే అది ఉపయోగపడుతుంది. పదేళ్ళ కిందటిలా ఒక ట్యూబుతో పోయే రోజులు కావు. మన దేశంలో టెర్బినఫైన్‌కి లొంగని రకం ఒకటి బాగా వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు కూడా పెట్టారు. అది పాదాల కంటే గజ్జల్లో, నడుము దగ్గర ఎక్కువ. అందుకే మీ ఆయన సంగతి తేలిగ్గా తీసుకోవద్దంటున్నా. మాత్రలు అవసరమా, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు నిర్ణయించాలి. లివర్ ఇబ్బంది ఉన్నవాళ్ళు, గుండెకో మరో జబ్బుకో మాత్రలు వాడేవాళ్ళు షాపులో అడిగి ఫంగస్ మాత్రలు మింగకూడదు.

మీ నుంచే ఆయనకి వచ్చిందా అంటే, రావచ్చు. ఒకే తువ్వాలు, ఒకే పక్క. చాలామందికైతే తమ పాదం నుంచే తమ గజ్జల్లోకి వెళ్తుంది. కాళ్ళు తుడిచిన తువ్వాలుతో ఒళ్ళు తుడవడం, లోదుస్తులు వేసుకునేటప్పుడు పాదం వాటికి రాసుకోవడం. అందుకే డ్యూటీకి తయారయ్యేటప్పుడు ముందు సాక్సులు తొడుక్కుని తర్వాత లోదుస్తులు వేసుకోమంటారు. వినడానికి నవ్వొస్తుంది, పనిచేస్తుంది. మీ ఆయన పాదాలు కూడా ఒకసారి వెలుతుర్లో చూడండి. అరికాలంతా పిండి చల్లినట్టు పొడిగా పొట్టు లేస్తుంటే అదీ ఇదే జబ్బు కావచ్చు. చాలామంది చలికాలం పగుళ్ళనుకుని వదిలేస్తారు.

మూడో షిఫ్ట్

చెల్లె, నేను సింగరేణిలో రిటైర్ అయిన. గోదావరిఖనిల ఉంటం. బొగ్గు బాయిలో నీళ్ళు కారే జాగాల పనిపడితే గంబూట్లే. మీ హాలు చల్లగనన్న ఉంటది, మాకు కింద ఉక్కపోత. వేళ్ళ సందులు ఒరవని మనిషి మా దగ్గర తక్కువ.

మందు సంగతి పైన సార్ చెప్పిండు. నేను బూటు సంగతి చెప్త. మా దగ్గర పని చూసే ఒక ముసలి సర్దార్ ఉండేటోడు, ఆయన కాళ్ళు చిన్నపిల్లగాని కాళ్ళ లెక్క ఉండేటివి. ఆయనకి రెండు జతల బూట్లు. సొంత పైసలు పెట్టి రెండోది కొనుక్కున్నడు. ఈ రోజు తొడిగింది రేపు తొడగడు. విప్పిన బూటును నిలబెట్టకపోయేది, గోడకు రెండు కర్రలు కొట్టి వాటికి బోర్లించేది. నిలబెడితే చెమటంతా ముందుకు దిగి వేళ్ళ దగ్గరనే నిలుస్తది. వాన రోజుల్లో పాత పేపర్ ఉండలు చేసి లోపల కుక్కేది, రెండు గంటలకు తీసి కొత్తవి కుక్కేది. పేపర్ మంచిగ గుంజుకుంటది. మేమంత ఆయన్ని చూసి నవ్వేటోళ్ళం, తర్వాత మేమంత అదే చేసినం.

సాక్సులు కూడ ఒక జత ప్లాస్టిక్ కవర్ల పెట్టుకుని పోండి. సగం షిఫ్టు కాడ అన్నం తినేటప్పుడు బూట్లు విప్పి, కాళ్ళు తుడుచుకుని, అన్నం తిన్నంత సేపు గాలికి పెట్టి, పొడి సాక్సు తొడగండి. ఆ అరగంట గాలి మస్తు పనిచేస్తది. తడి సాక్సు మీద ఎంత పౌడర్ కొట్టినా పిండి ముద్ద అయితది అంతే.

మీ దగ్గర ఒకరి బూట్లు ఒకరు తొడుగుడు మాత్రం బంద్ చెయ్యాలె. మాకు అట్ల ఉండకపోయేది. అది మేనేజర్‌తోని గట్టిగ మాట్లాడాల్సిన ముచ్చట.

ఆషాఢం ఆడపడుచు

మాది కోనసీమ. ఊడ్పుల్లో పెరిగినదాన్ని. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోమని మా అమ్మమ్మ వెంటపడేది. చేతులకి ముచ్చట కోసమైతే కాళ్ళకి మాత్రం వేళ్ళ సందుల్లో, అరికాలి అంచుల్లో నింపి పెట్టించేది. రేపటి నుంచి బురదలో దిగాలి, కాళ్ళు ఒరవకుండా ఉంటాయే అనేది. ఫార్మసిస్టు గారూ, ఇందులో నిజం ఉందా, లేక ఇదీ పసుపు కట్టు లాంటిదేనా?

చీటీ చదివేవాడు

మీ అమ్మమ్మ గారి లెక్కలో కొంత పస ఉందండీ. గోరింటాకులో ఎర్రరంగు ఇచ్చే పదార్థం పేరు లాసోన్. ల్యాబులో అది కొన్ని ఫంగస్‌లని ఎదగనివ్వదని చూశారు. పైగా అది చర్మం పైపొరలోని కెరటిన్‌కే అంటుకుంటుంది, అందుకే రంగు అన్నాళ్ళు నిలుస్తుంది. బురదలో దిగే ముందు, ఆరోగ్యంగా ఉన్న పాదానికి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. వచ్చిన జబ్బుకి మందుగా మాత్రం దాన్ని నమ్ముకోకండి. పచ్చి పుండు మీద అసలే వద్దు. ఇంకోటి, చెట్టు ఆకు రుబ్బినది వేరు, షాపులో నల్లగా పండే కోన్లు వేరు. కొన్నిటిలో జుట్టుకి వేసే రంగు రసాయనం కలుపుతారు, బొబ్బలొచ్చి ఆసుపత్రికి వచ్చినవాళ్ళని చూశాను.

షుగర్ ఇల్లు

ఇక్కడ ఎవరూ షుగర్ మాట ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. మా అమ్మకి షుగర్. వేళ్ళ మధ్య చిన్న చీలిక, దురద కూడా పెద్దగా లేదంది. స్పర్శ తగ్గింది కదా, తెలియలేదు. నాలుగో రోజుకి మోకాలి కింద దాకా కాలు ఎర్రగా వాచి చలిజ్వరం. సెల్యులైటిస్ అన్నారు, అంటే చర్మం లోపలి పొరలకి బ్యాక్టీరియా పట్టడం, ఆసుపత్రిలో చేర్చి సెలైన్లో యాంటీబయాటిక్స్ ఎక్కించారు. బ్యాక్టీరియా లోపలికి వెళ్ళిన దారి ఆ చీలికే అని డాక్టరమ్మ వేలు పెట్టి చూపించారు.

మీ టేబుళ్ళ దగ్గర షుగర్ ఉన్న ఆడవాళ్ళు ఉంటే వాళ్ళని మాత్రం ఈ చిట్కాలేవీ చెయ్యనివ్వకండి. వేడి ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం కూడా వద్దు, కాలినా తెలియదు. నేరుగా డాక్టరు దగ్గరికే. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక అమ్మ కాళ్ళు టార్చి వేసి చూడటం మా పాప డ్యూటీ.

గ్రేడింగ్ టేబుల్

అందరికీ పేరుపేరునా దండాలు. ఇవాళ లంచ్‌లో ఫోన్ పట్టుకుని ఇదంతా మా వాళ్ళకి చదివి వినిపించా. ఇద్దరు అక్కడికక్కడే ట్యూబులు చెత్తబుట్టలో పడేశారు. ఒకావిడ మాత్రం ‘దురదకి నిద్ర పట్టకపోతే నువ్వొచ్చి గోకుతావా’ అంది. ఆవిడకి షుగర్ ఉందని అప్పుడే తెలిసింది. శనివారం మా ఇద్దరితో పాటు ఆవిణ్ణి కూడా తీసుకెళ్తున్నాం.

బూట్ల సంగతి షిఫ్ట్ ఇన్‌ఛార్జితో మాట్లాడాను. కొత్త జతలంటే పైవాళ్ళని అడగాలన్నాడు. రాక్ మీద పేర్లు రాసి ఎవరి జత వాళ్ళకి కేటాయించడానికి ఒప్పుకున్నాడు. రెండు షిఫ్టులకీ సరిపడా లేవు, అది ఇంకా తేలలేదు. కర్రల స్టాండు మా ఆయన వెదురుతో చేసిస్తానన్నారు పెద్దాయనా, చెరువు గట్టు మీద వెదురు ఉంది.

రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. సాక్సులు ఎలా ఉతకాలి? రెండోది, నా బొటనవేలి గోరు ఒక మూల పసుపుగా, మందంగా అయింది. గీకితే పిండిలా రాలుతుంది. అదీ దీనివల్లేనా?

చీటీ చదివేవాడు

సాక్సులు చన్నీళ్ళలో సబ్బు పెట్టి జాడిస్తే ఫంగస్ చావదు. పొగలు కక్కే వేడినీళ్ళలో సర్ఫ్ వేసి అరగంట నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేయండి. అరవై డిగ్రీల వేడిలో ఉతికితే చస్తుంది, దానికంటే తక్కువైతే నమ్మకం లేదు. మీ సాక్సులు, కాళ్ళు తుడిచే తువ్వాలు ఇంట్లో మిగతా బట్టలతో కలిపి నానబెట్టకండి. పాత సాక్సుల మీద మమకారం పెట్టుకోకుండా వైద్యం మొదలుపెట్టిన రోజునే పారేస్తే ఇంకా మంచిది.

గోరుకి కూడా పట్టి ఉండొచ్చు. కానీ మందంగా, పసుపుగా అయిన గోళ్ళన్నీ ఫంగస్ కావు, బూటు ఒత్తిడికీ, సోరియాసిస్‌కీ కూడా అలా అవుతాయి. శనివారం డాక్టరుకి గోరు ముక్క పరీక్షకి పంపమని అడగండి. నిజంగా ఫంగస్ అయితే పైన క్రీము రాసి లాభం లేదు, లోపలికి దిగదు. మాత్రలు వాడాలి, కాలిగోళ్ళకి మామూలుగా మూడు నెలలు. మాత్రలు అయిపోయాక కూడా పాత గోరు అలాగే ఉంటుంది. కొత్తది పూర్తిగా ఎదిగి రావడానికి ఏడాది పైన పట్టొచ్చు, అప్పుడు పనిచెయ్యలేదని కంగారు పడకండి. అలాగని వదిలెయ్యడానికీ లేదు. గోట్లో ఉన్నంత కాలం అక్కడి నుంచి సందుల్లోకి వస్తూనే ఉంటుంది. ఆ గోటికి వాడిన నెయిల్ కట్టర్ ఇంకెవరికీ ఇవ్వొద్దు. పరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి, మాత్రల పేరు కూడా రాస్తే వేటితో కలిపి వేసుకోకూడదో చెబుతాను.